ఒక మూల మసకగా పడితే: లెటర్‌ప్రెస్ కొత్తగా నేర్చుకునేవారికి

లెటర్‌ప్రెస్ మీద, అంటే ఉబ్బెత్తు అక్షరాలకు ఇంకు రాసి కాగితాన్ని నొక్కే అచ్చుయంత్రం మీద, తొలి కాగితం తీసి చూస్తే ఎక్కడో ఒక మూల అక్షరాలు మసకగా పడి ఉంటాయి. దాదాపు అందరికీ ఇలాగే జరుగుతుంది. చెయ్యి వెంటనే ఇంకు డబ్బా మీదికి వెళ్తుంది. మసకగా ఉందంటే ఇంకు చాల్లేదనేగా! మరికాస్త వేస్తాం. మసక మూల అలాగే ఉంటుంది, అప్పటిదాకా బాగా పడిన భాగం మాత్రం అలుక్కుపోతుంది. ఇక అక్కడి నుంచి టెన్షన్ మొదలు.

ఇంకు తక్కువైనా అక్షరం మసకబారుతుంది, నిజమే. కానీ ఆ మూలలోని అక్షరాలు అరిగిపోయి మిగతావాటి కంటే పొట్టిగా ఉండొచ్చు. కాగితం వెనకున్న ప్యాకింగ్, అంటే ఆనుగా పెట్టే కాగితాల దొంతర, ఆ వైపు పల్చగా ఉండొచ్చు. ఇంకు రాసే రోలర్ ఆ చివర సరిగ్గా తగలకపోవచ్చు. చట్రంలో బిగింపు ఎక్కువై మధ్యభాగం పైకి లేచి, మూలలు కిందుండిపోయి ఉండొచ్చు. ఇన్ని వేర్వేరు తప్పులు కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. లెటర్‌ప్రెస్‌లో అసలు కష్టం ఇదేనని నేను అనుకుంటాను. పనిముట్లు పట్టుకోవడం సాధన చేస్తే వచ్చేస్తుంది. కనిపిస్తున్న లోపం దేనివల్ల వచ్చిందో విడదీసి చూడటం అంత తొందరగా రాదు. చాలామంది విసిగిపోయి వదిలేసేది కూడా ఇక్కడే. కాబట్టి పనిని మొదటినుంచి చూస్తూ, ఏ దశలో ఏ తప్పు పుడుతుందో, అది చివరికి ఎలా బయటపడుతుందో చూద్దాం.

అంతా ఎత్తులోనే ఉంది

సూత్రం చాలా చిన్నది. ఉబ్బెత్తుగా ఉన్న చోట ఇంకు అంటుతుంది, పల్లంగా ఉన్న చోట అంటదు. దాని మీద కాగితం ఉంచి నొక్కితే ఉబ్బెత్తు భాగం అచ్చవుతుంది. అది సీసపు అక్షరం కావచ్చు, చెక్క అక్షరం కావచ్చు, బొమ్మ చెక్కిన బ్లాకు కావచ్చు. అన్నిటి పైముఖాలూ ఒకే మట్టంలో ఉంటేనే ఈ సూత్రం పనిచేస్తుంది.

ఆ మట్టం ఎంత కచ్చితంగా ఉండాలో తెలిస్తే కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. అమెరికా, బ్రిటన్ పద్ధతిలో టైపు (విడి అచ్చు అక్షరాల) ఎత్తు 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మిల్లీమీటర్లు. ఫ్రాన్స్‌లో, ఐరోపాలోని మరికొన్ని దేశాల్లో వాడిన ఎత్తు సుమారు 23.56 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా పావు మిల్లీమీటరు. ఈ రెండు రకాల టైపూ ఒకే పేజీలో కలిసిందంటే పొడుగువి కాగితంలోకి గుచ్చుకుపోతాయి, పొట్టివి తగిలీ తగలనట్టు ఉంటాయి. పల్చని టిష్యూ కాగితం మందం అంగుళంలో వెయ్యో వంతుకు దగ్గర్లో ఉంటుంది. అంత తేడా కూడా అచ్చులో కనిపిస్తుంది. అందుకే పాత టైపు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా ముందు నాలుగైదు అక్షరాలు తీసి ఎత్తు కొలవండి. అరిగిన టైపుతో నేర్చుకుంటే, తప్పు మీ చేతిదా టైపుదా అన్నది ఎప్పటికీ తేలదు.

అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండటం వెనక పెద్ద కథే ఉంది. చైనాలో 1040ల్లోనే బీ షెంగ్ మట్టితో విడి అక్షరాలు చేశాడు. కొరియాలో లోహపు అక్షరాలతో 1377లో అచ్చయిన పుస్తకం ఇప్పటికీ ఉంది. జర్మనీలోని మైన్జ్ నగరంలో గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో, పేజీకి 42 వరుసల బైబిల్‌ను అచ్చువేశాడు. విడి అక్షరాలన్న ఆలోచన అప్పటికే ఉన్నదే. ఒకే కొలత, ఒకే ఎత్తు ఉన్న అక్షరాలను వేలకొద్దీ పోతపోసి, వాటిని ఒక పేజీగా బిగించి, మర ఒత్తిడి కింద పెట్టి, ఒకేలాంటి ప్రతులు తీయగలగడంలోనే ఆయన పనితనం ఉంది.

సీసం ఒక్కటే అయితే మెత్తగా ఉంటుంది, నాలుగు ఒత్తిళ్ళకే అంచులు నలిగిపోతాయి. అందుకని అందులో ఆంటిమొని, తగరం కలుపుతారు. ఆంటిమొని గట్టిదనం ఇస్తుంది, పైగా లోహం చల్లబడేటప్పుడు ముడుచుకుపోవడాన్ని తగ్గిస్తుంది, అందుకే పోత అచ్చులోని సన్నని గీతలు కూడా పదునుగా వస్తాయి. తగరం వల్ల కరిగిన లోహం సాఫీగా పారుతుంది, గడ్డకట్టాక పెళుసుగా ఉండదు.

ఎత్తు ఎంత ముఖ్యమో అక్షరం కూర్చునే దిమ్మె కొలత కూడా అంతే ముఖ్యం. ఒకప్పుడు పోతకర్మాగారానికో కొలత ఉండేది, ఒకచోట కొన్న టైపు మరొకచోట కొన్నదాని పక్కన ఇమిడేది కాదు. ఫ్రాన్స్‌లో ఫోర్నియే 1737లో పాయింట్ల పద్ధతి ప్రతిపాదించాడు. అమెరికాలోని పోతకర్మాగారాలు 1886లో ఒకే పాయింటు కొలతకు ఒప్పుకున్నాయి. అంగుళానికి దాదాపు 72 పాయింట్లు, 12 పాయింట్లకు ఒక పైకా. ఈ రెండు అంకెలూ నోటికి వచ్చేస్తే మిగతా లెక్కలన్నీ తేలిక.

ఖాళీ కూడా లోహమే

కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చడానికి అలవాటు పడినవాళ్ళకు మొదటి దెబ్బ తగిలేది కంపోజింగ్ దగ్గరే, అంటే చేత్తో టైపు పేర్చడం దగ్గరే. తెర మీద ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. ఇక్కడ ఖాళీ అంటే ఒక లోహపు ముక్క. రెండు మాటల మధ్య ఖాళీకో ముక్క, వరుస చివర మిగిలిన చోటుకో ముక్క, రెండు వరుసల మధ్య ఒక లెడ్డు, అంటే సన్నని లోహపు పట్టీ. ఇవన్నీ అక్షరం కంటే పొట్టిగా ఉంటాయి కాబట్టి ఇంకు అంటదు, కాగితం మీద పడవు. అచ్చయిన పేజీలో కనిపించే తెల్లదనమంతా ఎవరో చేత్తో పేర్చిందే. ఇది ఒకసారి మనసుకు పట్టాక పాత పుస్తకం తెరిస్తే దాని అంచుల వైపు కూడా గౌరవంగా చూస్తాం.

వరుసలు పేర్చే చిన్న చేతిపనిముట్టు కంపోజింగ్ స్టిక్. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంటారు. కుడిచేత్తో కేసులోంచి, అంటే టైపు ఉంచే గళ్ళ పెట్టెలోంచి, అక్షరం తీసి పెడుతుంటే, ఎడమ బొటనవేలు చివరి అక్షరం పడిపోకుండా ఆనుకుని ఉంటుంది. ప్రతి అక్షరం దిమ్మెకు ఒక పక్క చిన్న గాడి ఉంటుంది, అది పైకి కనిపించేలా పెట్టాలి. అప్పుడు వరుస తలకిందులుగా, కానీ ఎడమ నుంచి కుడికి సాగుతుంది. అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాన్ని మళ్ళీ తలకిందులు చేస్తే ఏమవుతుందో ఇంగ్లీషు టైపులో స్పష్టంగా తెలుస్తుంది. చిన్న బి అక్షరం పి లాగా, డి అక్షరం క్యూ లాగా, ఎన్ అక్షరం యు లాగా కనిపిస్తాయి. ముద్రారాక్షసాలు పుట్టేది ఇక్కడే. స్టిక్‌లో ఉన్నదాన్ని మనసులో తిప్పుకుని చదవడానికి ప్రయత్నించకండి, ఆ తలకిందుల రూపాన్నే నేరుగా గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. కంటికి అది తొందరగానే పడుతుంది.

ఇంగ్లీషు టైపుకు వాడే కాలిఫోర్నియా కేసులో 89 గళ్ళు ఉంటాయి. ఎక్కువ వాడే అక్షరాల గళ్ళు పెద్దవి, చేతికి దగ్గరవి. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపుల్లో కావలసిన టైపు రూపాల సంఖ్య కొన్ని వందలకు వెళ్తుంది. అలాంటి లిపిలో కంపోజ్ చేసేవారి జ్ఞాపకశక్తికి నిజంగా చేతులెత్తి మొక్కాలి.

కంపోజింగ్‌లో కీలకమైన పని వరుస నింపడం. వరుస పొడవు ఎంతని నిర్ణయించుకున్నామో ప్రతి వరుసా సరిగ్గా అంతే బిగువుతో నిండాలి. ఎడమవైపు సమంగా ఉండి కుడివైపు ఎగుడుదిగుడుగా ఆగే పద్యంలో కూడా, ఆగిన చోటు నుంచి చివరిదాకా ఖాళీ ముక్కలతో నింపాల్సిందే. ఇందుకు క్వాడ్‌లనే పెద్ద ఖాళీ ముక్కల నుంచి సన్నని స్పేసుల దాకా ఉంటాయి. చివరి వెంట్రుకవాసి తేడా కోసం ఒక పాయింటు మందం ఇత్తడి రేకులు, అర పాయింటు రాగి రేకులు వాడతారు. వరుస సరిగ్గా నిండిందా లేదా తెలుసుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. వరుసను స్టిక్‌లోనే కాస్త ముందుకు వంచితే పడిపోకుండా నిలబడాలి, వేలితో నెడితే కదలాలి. నిలబడకపోతే వదులు, కదలకపోతే బిగువు.

ఈ పరీక్షను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా లెక్కలో మాత్రం మొత్తం పనిలో దీని అంత విలువైన అలవాటు ఇంకోటి లేదు. ఒక్క వరుస వదులుగా ఉంటే చట్రం బిగించినప్పుడు ఒత్తిడంతా పక్క వరుసల మీద పడుతుంది, ఆ వరుసలో అక్షరాలు ఊగుతాయి. ఊగే అక్షరం ఒక్కో కాగితానికి ఒక్కోలా పడుతుంది. కొన్ని కాగితాల తర్వాత ఒక స్పేసు ముక్క మెల్లగా పైకి లేచి, రెండు మాటల మధ్య నల్లని మచ్చగా అచ్చవుతుంది. అప్పుడు మనం ప్రెస్సును అనుమానిస్తాం. తప్పు జరిగింది ఎప్పుడో స్టిక్‌లో.

బిగించడంలో సున్నితం

కంపోజ్ చేసిన వరుసలను గ్యాలీ అనే అంచులున్న పళ్ళెంలోకి దించి, చుట్టూ దారం కట్టి, చదునైన రాతి బల్ల మీదికి జరుపుతారు. ఇప్పుడు రాయి బదులు ఉక్కు పలక కూడా వాడుతున్నారు. దాని చుట్టూ చేజ్ అనే ఇనుప చట్రం పెట్టి, మధ్య ఖాళీని ఫర్నిచర్‌తో, అంటే చెక్క లేదా లోహపు దిమ్మెలతో నింపుతారు. రెండు పక్కల క్వాయిన్లు పెట్టి తాళంచెవితో తిప్పితే అవి వ్యాకోచించి మొత్తాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఇలా బిగించినదాన్ని ఫారం అంటారు.

ఫర్నిచర్ ముక్కలు రెండు ఒకదాని కొసను ఒకటి ఢీకొనేలా పెడితే, క్వాయిన్లు ఎంత తిప్పినా ఒత్తిడి ఆ దిమ్మెల దగ్గరే ఆగిపోతుంది, టైపుదాకా రాదు. ఒక్కో ముక్క పక్క ముక్క కొసను దాటి సాగేలా పేర్చాలి. క్వాయిన్లను ముందు వేళ్ళతోనే బిగించి, చదునైన చెక్కను టైపు మీద పెట్టి సుత్తితో మెల్లగా తట్టి, అక్షరాలన్నీ బల్లకు ఆనేలా చేయాలి. ఆ తర్వాతే తాళంచెవి. అదీ ఒకదాన్ని కాస్త, రెండోదాన్ని కాస్త, మార్చి మార్చి తిప్పాలి.

ఎంత బిగించాలి? చట్రం ఒక అంచు కింద చిన్న ముక్క పెట్టి కొంచెం ఎత్తి, అక్షరాలను వేలితో నొక్కి చూడండి. ఏదీ కిందికి జారకపోతే చాలు. జారిందనుకోండి, క్వాయిన్‌ను ఇంకా తిప్పాలనిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ అది తప్పే. జారిన అక్షరం ఏ వరుసలో ఉందో చూసి, క్వాయిన్లు వదులు చేసి, ఆ వరుసలో ఒక రేకు వేయాలి. అతిగా బిగిస్తే ఫారం మధ్యలో విల్లులా పైకి వంగుతుంది. మధ్యన నల్లగా, అంచుల్లో మసకగా పడే అచ్చులకు ఇదొక పెద్ద కారణం. మొదట్లో చెప్పుకున్న మసక మూల ఇలా కూడా పుడుతుంది.

ప్రెస్సు దగ్గర ముడి విప్పడం

ప్రెస్సుల్లో రకాలు చాలా ఉన్నా, నేర్చుకునేవారికి తగిలేవి ముఖ్యంగా రెండు. ఒకటి ప్లేటెన్ ప్రెస్సు. కాలితో తొక్కే ట్రెడిల్, బల్ల మీద పెట్టుకుని మీటతో నొక్కే చిన్న ప్రెస్సు, 1914 నుంచి వచ్చిన హైడెల్‌బర్గ్ ఆటోమేటిక్ ఈ కుటుంబంలోవే. వీటిలో ఒక చదునైన పలక కాగితాన్ని మొత్తం ఫారం మీద ఒక్కసారిగా నొక్కుతుంది. రెండోది సిలిండర్ ప్రూఫ్ (పరీక్ష ప్రతి) ప్రెస్సు. అందులో కాగితం చుట్టుకున్న సిలిండర్ ఫారం మీదుగా దొర్లుతుంది, ఒక క్షణంలో ఒక సన్నని గీత మీదే ఒత్తిడి ఉంటుంది. అందుకే పెద్ద నల్లని బ్లాకులు, చెక్క టైపు పోస్టర్లు సిలిండర్ మీద తేలిగ్గా వస్తాయి. చిన్న మీట ప్రెస్సు మీద అదే పని పెడితే బలం చాలదు. వీలుంటే ప్రూఫ్ ప్రెస్సు మీద మొదలుపెట్టమని నా సలహా. నెమ్మదిగా నడుస్తుంది, ప్రతి దశా కళ్ళముందే జరుగుతుంది.

ఇక మసక మూల సంగతి. ఏదీ మార్చకముందు మూడు చోట్ల చూడాలి.

మొదట, ఇంకు పట్టిన ఫారంను కాగితం వేయకుండా ఏటవాలు వెలుతురులో చూడండి. అక్షరాల ముఖాల మీద ఇంకు పొర అన్నిచోట్లా ఒకేలా మెరుస్తుంటే ఇంకు, రోలర్లు రెండూ బాగున్నట్టే. ఒక వైపు పొడిగా ఉంటే రోలర్ ఎత్తు చూసుకోవాలి. రోలర్ ఎక్కువ ఎత్తులో ఉంటే తాకదు. కిందికి దిగితే అక్షరం పక్కలకు కూడా ఇంకు రాస్తుంది, అప్పుడు అచ్చులో అంచుల చుట్టూ గరుకుగా అదనపు గీత వస్తుంది. ఈ రెండో తప్పును కూడా జనం ఇంకు ఎక్కువైందనే అనుకుంటారు.

తర్వాత కాగితం వెనక్కి తిప్పండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, వేలితో తడిమి చూడండి. ముందు మసకగా ఉండి వెనక ఒత్తిడి గుర్తు బాగానే ఉంటే ఇంకు అందలేదని అర్థం. వెనక కూడా చదునుగా ఉంటే ఒత్తిడే చేరలేదు, ఎంత ఇంకు పోసినా లాభం లేదు.

ఒత్తిడి చేరలేదని తేలితే, లోపం టైపుదా ప్రెస్సుదా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి నాకెంతో ఇష్టమైన పరీక్ష ఉంది. ఫారం పై అంచు కిందికి వచ్చేలా ప్రెస్సులో అర చుట్టు తిప్పి పెట్టి మళ్ళీ ఒక కాగితం తీయాలి. కాగితం ఆనించే గేజ్ పిన్నులు టైపుకు తగలకుండా ముందే చూసుకోవాలి, లేకపోతే అక్షరాలు నలిగిపోతాయి. ఇప్పుడు మసక మళ్ళీ అవే అక్షరాల మీద పడితే లోపం ఫారంలో ఉంది. అంటే టైపు అరిగింది, లేదా బిగింపులో తేడా ఉంది. మసక ప్రెస్సులో పాత చోటే ఉండి, దాని కింద వేరే అక్షరాలు వెలిసిపోతే లోపం ప్రెస్సులోనో ప్యాకింగ్‌లోనో ఉంది. ఈ ఒక్క కాగితం గంటల కొద్దీ ఊహాగానాలను తప్పిస్తుంది.

కారణం తెలిశాక మందు సులువే. ప్యాకింగ్ మీద బిగించే పైకాగితాన్ని టింపన్ అంటారు. దాని కింద, మసకగా పడిన చోటికి సరిగ్గా అంతే ఆకారంలో టిష్యూ ముక్క అంటిస్తారు, అతిగా పడుతున్న చోట ఒక పొర కోసి తీసేస్తారు. దీన్ని మేక్‌రెడీ అంటారు. పాత అచ్చుకూటాల్లో బొమ్మలున్న పేజీకి ఇది అచ్చు వేయడం కంటే ఎక్కువ సమయం తీసుకునేది. కొత్తవాళ్ళు ప్లేటెన్ వెనకున్న పెద్ద బోల్టుల జోలికి పోకపోవడం మంచిది. వాటితో పలక మొత్తం మట్టం మారుతుంది, మళ్ళీ సరిచేయడం పెద్ద పని. ప్యాకింగ్‌తో తీరని సమస్యకే బోల్టులు. ప్యాకింగ్ కూడా గట్టి కాగితాలతో ఉంటే అచ్చు పదునుగా వస్తుంది, మెత్తగా ఉంటే కాగితం అక్షరం పక్కలకు కూడా ఒరిగి అంచులు మొద్దుబారతాయి.

మరో లోపం ఉంది. అక్షరం ఒక వైపున నీడలాంటి రెండో అంచుతో పడుతుంది. ఇది ఇంకు, ఎత్తు ఏవీ కాదు. నొక్కే క్షణంలో కాగితం కాస్త జరిగింది. టింపన్ వదులైందేమో, పిన్నులు కదులుతున్నాయేమో, చట్రం సరిగ్గా కూర్చోలేదేమో చూడాలి.

ఒక సమయంలో ఒక్కదాన్నే మార్చండి. ఇంకు, ప్యాకింగ్, రోలర్ ఒకేసారి మారిస్తే అచ్చు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్ళీ అదే తిప్పలు. తీసిన ప్రతి ప్రూఫు మీద ఏం మార్చారో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

ఇంకు విషయంలో ఒక్కటే మాట: తక్కువతో మొదలుపెట్టాలి. చిన్న ప్రెస్సుకు కత్తి మొన మీద పట్టేంత చాలు. చాలకపోతే ఇంకొంచెం వేయొచ్చు, ఎక్కువైతే తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. రోలర్లు తిరిగేటప్పుడు వచ్చే శబ్దం కూడా చెప్తుంది. సన్నగా బుసలాంటి చప్పుడు ఉంటే పొర సరిగ్గా ఉంది, జిగటగా పెటపెటలాడితే ఎక్కువైంది. నూనె ఇంకు గాలికి ఆరిపోతుంది కాబట్టి ప్రెస్సు మీద ఎక్కువసేపు ఉంచలేం. రబ్బరు ఆధారిత ఇంకు చాలాసేపు ఆరకుండా ఉంటుంది, నేర్చుకునేవారికి అదే నయం.

లోతుగా దించాలా, ముద్దుగా తాకించాలా

ఇవాళ లెటర్‌ప్రెస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మందపాటి కాటన్ కాగితంలోకి లోతుగా దిగిన అక్షరాలు. పాత పనివాళ్ళు అలా పడితే తప్పుగా లెక్కపెట్టేవారు. వాళ్ళ ఆదర్శం కాగితాన్ని కేవలం తాకే అచ్చు, వెనక గుర్తే కనపడకూడదు. రెండు వైపులా అచ్చు వేసే పుస్తకానికి అదే సరైనది, సీసపు టైపు కూడా అలా అయితేనే ఎక్కువకాలం మన్నుతుంది.

లోతు అచ్చుకు నేను వ్యతిరేకిని కాను, స్పర్శకు అందులో నిజమైన అందం ఉంది. అయితే దానికి సీసపు టైపును బలిపెట్టకూడదు. ఆ టైపు పోతపోసేవాళ్ళు ఇప్పుడు ప్రపంచంలో చాలా కొద్దిమందే. లోతు కావాలంటే ఫొటోపాలిమర్ ప్లేట్లు వాడాలి. కంప్యూటర్‌లో చేసిన డిజైన్‌ను నెగెటివ్‌గా తీసి, కాంతికి గట్టిపడే ప్లాస్టిక్ పలక మీద వెలుతురు పడేలా చేస్తారు. వెలుతురు తగిలిన చోటు గట్టిపడుతుంది, మిగతాది నీటితో కడిగితే పోతుంది. ఆ పలకను లోహపు దిమ్మె మీద అంటిస్తే టైపు ఎత్తుకు వస్తుంది. పాడైతే ఇంకోటి చేయించుకోవచ్చు. అయినా తొలి పాఠాలు విడి టైపుతో, తాకీ తాకని ఒత్తిడితోనే జరగాలి. లోతుగా దించినప్పుడు ఎత్తు తేడాలన్నీ ఆ బలం కింద దాక్కుంటాయి, కంటికి శిక్షణ దొరకదు.

ఒంటికి, చేతికి జాగ్రత్తలు

సీసాన్ని ముట్టుకోవడం వల్ల ప్రమాదం తక్కువ, నోట్లోకీ ఊపిరిలోకీ పోవడమే అసలు ప్రమాదం. టైపు దగ్గర తినకూడదు, తాగకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాత టైపు మీద తెల్లని పొడి పట్టి ఉంటే అది సీసపు తుప్పు, దాన్ని ఊదకండి, దులపకండి. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. ఇంకు తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే, నూనె ఆరే క్రమంలో వేడి పుట్టి వాటంతటవే అంటుకునే అవకాశం ఉంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. ట్రెడిల్ నడుస్తుండగా కాగితం వంకరగా పడితే సరిచేయడానికి చెయ్యి పెట్టొద్దు. ఆ కాగితం పోతే పోయింది.

పని పూర్తయ్యాక రోలర్లను కడిగి, ఒత్తిడి లేకుండా విడిగా పెట్టాలి. ప్రెస్సులో ఆనించి వదిలేస్తే ఒక పక్క చదునైపోతాయి. టైపును కడిగి ఆరాక మళ్ళీ కేసులో గడి గడికీ వేయాలి. దీన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. విసుగనిపించినా ఇది రేపటి కంపోజింగే. ఇవాళ పి గడిలో పడిన క్యూ, రేపు ప్రూఫులో తప్పుగా తేలుతుంది. దిమ్మె మీద గాడులు సరిపోల్చి చూస్తే వేరే టైపులోంచి వచ్చి కలిసిన అక్షరం పట్టుబడుతుంది. స్పేసులను కూడా మందం ప్రకారం వేరుచేయండి. కలిసిపోయిన స్పేసులతో రేపు ఏ వరుసనూ సరిగ్గా నింపలేరు.

మొదటి పనికి ఒకే సైజు టైపు, నాలుగైదు వరుసలు, పోస్టుకార్డంత కాగితం చాలు. 12 లేదా 14 పాయింట్ల టైపు అయితే వేళ్ళకు పట్టుచిక్కుతుంది, కంటికి శ్రమ ఉండదు. కావలసినదానికంటే కొన్ని కాగితాలు ఎక్కువే కోసి పెట్టుకోండి, ఒత్తిడి కుదిరేలోపు కొన్ని పోతాయి.